జాన్ బోనమ్ డ్రమ్స్‌లో వినిపించేది ఎవరెవరు?

మీరు అడిగినవి మూడు. ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే అంతటివాడయ్యాడన్నది నిజమేనా? ఆయన మీద ఎవరెవరి ప్రభావం ఉంది? ఆయనలా వాయించాలంటే రాక్ ఒక్కటే సాధన చేస్తే చాలా, జాజ్ కూడా వినాలా? చాలా ఏళ్లుగా డ్రమ్స్ వాయిస్తున్నాను, నేర్పుతున్నాను. బోనమ్ అంటే ప్రాణం పెట్టే పిల్లలు నా దగ్గరకి వస్తూనే ఉంటారు. వచ్చిన మొదటి రోజే స్నేర్ (కిట్ మధ్యలో ఉండే, పదునుగా మోగే చిన్న డ్రమ్) మీద బలమంతా చూపిస్తారు. అందుకే ఈ జవాబు కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకి జవాబు చిన్నదే. పద్ధతిగా కూర్చోబెట్టి ఆయనకి పాఠాలు చెప్పినవాళ్లు లేరు. చుట్టుపక్కల ఊళ్లలో తనకంటే పెద్ద డ్రమ్మర్లను అడిగి నేర్చుకున్న చిట్కాలే పాఠాలు. కానీ చెవితో నేర్చుకున్నది మాత్రం అపారం. ఎవరి దగ్గర నుంచి నేర్చుకున్నాడో లెక్క తీస్తే అందులో రాక్ డ్రమ్మర్లు తక్కువ, జాజ్ డ్రమ్మర్లు, సోల్ (అమెరికన్ నల్లజాతి పాటల సంగీతం) డ్రమ్మర్లు ఎక్కువ. ఆయన కొట్టే ప్రతి దెబ్బలో మనకి వినిపించే బరువుకి అసలు కారణం అక్కడుంది. నేను చెప్పదలుచుకున్నది కూడా ఇదే.

బోనమ్ 1948 మే 31న ఇంగ్లండ్‌లోని వూస్టర్‌షైర్ కౌంటీలో, రెడిచ్ పట్టణంలో పుట్టాడు. తండ్రి జాక్ ఇళ్లు కట్టే పని చేసేవాడు. పిల్లాడు అయిదేళ్లకే ఇంట్లో ఉన్న డబ్బాలు, కాఫీ టిన్నులు ముందేసుకుని వాయించడం మొదలుపెట్టాడు. పదో ఏట తల్లి ఒక స్నేర్ డ్రమ్ కొనిచ్చింది. పదిహేనో ఏట తండ్రి ప్రీమియర్ కంపెనీ కిట్ తెచ్చిపెట్టాడు. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. ఇక్కడ ఆగి చూడాల్సింది ఏమిటంటే, ఆ టిన్నుల మీద పిల్లాడు అనుకరించింది ఎవర్ని? జీన్ క్రూపా, బడ్డీ రిచ్, మాక్స్ రోచ్. ముగ్గురూ అమెరికన్ జాజ్ డ్రమ్మర్లు. అది 1953 ప్రాంతం. ఇంగ్లండ్‌లో రాక్ అండ్ రోల్ హడావుడి ఇంకా మొదలే కాలేదు. డ్రమ్స్ అంటే ఆ పిల్లాడి చెవిలో మొదట పడింది స్వింగ్, అంటే జాజ్‌లోని ఊగుతూ సాగే లయ. తర్వాత ఏం వాయించినా అది పోలేదు.

1964లో బడి వదిలేశాడు. తండ్రి దగ్గర వడ్రంగి పనికి చేరి, సాయంత్రాలు స్థానిక బ్యాండ్లలో వాయించేవాడు. టెర్రీ వెబ్ అండ్ ద స్పైడర్స్, సెనేటర్స్, ఎ వే ఆఫ్ లైఫ్ అని ఆ బ్యాండ్ల పేర్లు వరసగా వస్తాయి. ఎందులోనూ ఎక్కువ కాలం నిలవలేదు. ప్యాట్ ఫిలిప్స్‌తో చిన్న వయసులోనే పెళ్లయింది. కొత్త కాపురం ఒక కారవాన్‌లో. 1966లో కొడుకు జేసన్ పుట్టాడు. పెళ్లయ్యాక డ్రమ్స్ మానేస్తానని ప్యాట్‌కి మాటిచ్చానని, కానీ రోజూ సాయంత్రం ఇంటికి రాగానే కిట్ ముందు కూర్చునేవాణ్ణని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఇల్లు గడవడం కష్టమైన రోజులవి.

ఆ రోజుల్లోనే బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఆయనకి ఒక పేరు వచ్చింది, చెవులు చిల్లులు పడేలా వాయిస్తాడని. డ్రమ్ తోళ్లు చిరిగిపోయేవి. క్లబ్బుల వాళ్లు సౌండ్ తగ్గించమనేవారు, ఒక్కోసారి వాయించడమే ఆపమనేవారు. దీన్ని పట్టుకునే బోనమ్ అంటే బలం అని చాలామంది అనుకుంటారు. నిజమే, బలం ఉంది. కానీ అంత గట్టిగా కొట్టేవాళ్లు ఆ కాలంలో ఇంకా ఉన్నారు. వాళ్లెవరి పేరూ ఇవాళ మనం తలుచుకోవడం లేదు.

క్రాలింగ్ కింగ్ స్నేక్స్ అనే బ్యాండ్‌లో గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌తో స్నేహం కుదిరింది. తర్వాత ఇద్దరూ బ్యాండ్ ఆఫ్ జాయ్‌లో కలిసి పనిచేశారు. అది విడిపోయాక 1968లో అమెరికన్ గాయకుడు టిమ్ రోజ్ ఇంగ్లండ్ టూర్‌కి పిలిచాడు. వారానికి 40 పౌండ్లు. కారవాన్‌లో కాపురం చేసిన మనిషికి అది పెద్ద జీతమే. సరిగ్గా అప్పుడే యార్డ్‌బర్డ్స్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ చెదిరిపోయి, దాని గిటారిస్ట్ జిమ్మీ పేజ్ కొత్త బ్యాండ్ కూడగడుతున్నాడు. అదే తర్వాత లెడ్ జెప్పెలిన్ అయింది. ప్లాంట్ బోనమ్ పేరు చెప్పాడు. పేజ్ వెళ్లి లండన్‌లోని హ్యాంప్‌స్టెడ్‌లో టిమ్ రోజ్ కచేరీలో ఆయన్ని విన్నాడు, ఇంకెవరూ వద్దనుకున్నాడు. బోనమ్ మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. జో కాకర్, క్రిస్ ఫార్లో కూడా పిలుస్తున్నారు. ఇంట్లో ఫోన్ లేదు కాబట్టి ఆయన వెళ్లే పబ్‌కి ప్లాంట్ 8 టెలిగ్రాములు, మేనేజర్ పీటర్ గ్రాంట్ 40 టెలిగ్రాములు పంపించారని చెబుతారు. చివరికి ఆయన చేరింది డబ్బు చూసి కాదు, ఆ సంగీతం నచ్చి. 1968 ఆగస్టులో లండన్‌లో నలుగురూ మొదటిసారి ఒక చిన్న గదిలో కలిసి వాయించారు. బాస్ గిటార్ వాయించే జాన్ పాల్ జోన్స్‌కీ, బోనమ్‌కీ మోటౌన్ (సోల్ పాటల అమెరికన్ రికార్డు కంపెనీ), సోల్ రికార్డులంటే పిచ్చి. ఆ ఇద్దరూ మొదటి రోజు నుంచే ఒకటైపోవడానికి అదొక ముఖ్య కారణం.

ఇక ప్రభావాల సంగతి. పేర్ల జాబితా ఇస్తే మీకు ఏం ఉపయోగపడదు. ఏ పాటలో ఎవరు వినిపిస్తారో చెబుతాను, రికార్డు పెట్టుకుని పక్కనే చదవండి.

ముందు జీన్ క్రూపా. 1930లలో బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్‌లో వాయించిన క్రూపా, అంతవరకు వెనక కూర్చుని తాళం వేసే డ్రమ్మర్‌ని జనం కళ్లముందుకి తెచ్చాడు. 1938 జనవరి 16న కార్నెగీ హాల్ కచేరీలో వాయించిన ‘సింగ్, సింగ్, సింగ్’ రికార్డింగ్ దొరుకుతుంది. అందులో క్రూపా ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టే పెద్ద డ్రమ్) మీద నడిపించే తీరు వినండి. క్రూపాకి ముందు జనం డ్రమ్స్‌ని పెద్దగా పట్టించుకోలేదని, రాక్‌లో అదే పని జింజర్ బేకర్ చేశాడని బోనమ్ అభిప్రాయం. క్రూపా కాలపు పెద్ద బ్యాండ్ల డ్రమ్మర్లు పెద్ద బాస్ డ్రమ్‌లు (కాలి పెడల్‌తో కొట్టేవి) వాడేవాళ్లు, వాటిని మోగనిచ్చేవాళ్లు. బోనమ్ లడ్విగ్ కిట్‌లో బాస్ డ్రమ్ 26 అంగుళాలు. ఆ రోజుల్లో రాక్ డ్రమ్మర్లు ఎక్కువగా వాడేది 22 అంగుళాలది. సైజు ఒక్కటే చూసి కొనుక్కునేవాళ్లున్నారు, దానివల్ల ఏమీ రాదు. ఆయన తోళ్లను బాగా బిగించి ట్యూన్ చేసేవాడు. లోపల దిండ్లు, దుప్పట్లు కుక్కి శబ్దాన్ని చంపేవాడు కాదు. బిగువుగా ఉన్న పెద్ద డ్రమ్, గాలి తిరిగే చోటు, దాన్ని తాకి వెంటనే వెనక్కి వచ్చేసే పాదం. ఈ మూడూ కలిస్తేనే ఆ మోత. ఇది పూర్తిగా జాజ్ వాళ్ల ట్యూనింగ్ పద్ధతి. రాక్ డ్రమ్స్ అంటే తోలు వదులు చేసి దుప్పటి కుక్కాలనే అలవాటు 1970లలో స్టూడియోల్లో బాగా పాతుకుపోయింది. బోనమ్ దానికి ఎదురు నడిచాడు.

తర్వాత మాక్స్ రోచ్, జో మొరెల్లో. లెడ్ జెప్పెలిన్ రెండో ఆల్బమ్ 1969లో వచ్చింది. అందులో ‘మోబీ డిక్’ అనే డ్రమ్ సోలో ఉంది. మధ్యలో బోనమ్ పుల్లలు పక్కన పెట్టి చేతులతో వాయిస్తాడు. స్టేజీ మీద ఇదే సోలో ఇరవై, ముప్పై నిమిషాలు సాగేది, మిగతా ముగ్గురూ లోపలికి వెళ్లిపోయేవారు. చేతులతో వాయించడం మొరెల్లో నుంచి వచ్చింది. ఆయన డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ డ్రమ్మర్, ‘టేక్ ఫైవ్’లో వినిపించేది ఆయనే. ఆయనదే ‘కాస్టీలియన్ డ్రమ్స్’ వింటే మోబీ డిక్‌కి మూలం ఎక్కడుందో మీకే తెలిసిపోతుంది. మాక్స్ రోచ్ 1966లో ‘ద డ్రమ్ ఆల్సో వాల్ట్‌జెస్’ అని ఒక్క డ్రమ్స్‌తోనే ఒక రచన రికార్డు చేశాడు. కాళ్లతో బాస్ డ్రమ్, హై-హ్యాట్ (పెడల్‌తో మూసుకునే జంట సింబల్స్) మీద మూడు బీట్ల చక్రం ఆగకుండా తిరుగుతూ ఉంటుంది, పైన చేతులు పాట పాడినట్టు వాయిస్తాయి. బోనమ్ 1970 జనవరి 9న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో వాయించిన సోలోలో ఆ చక్రాన్ని పట్టుకోవచ్చు. వీడియో కూడా ఉంది. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు, వేలమంది ముందు, రాక్ కచేరీలో మాక్స్ రోచ్‌ని వాయిస్తున్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఆ వీడియో చూశాకే.

రాక్ అండ్ రోల్ నుంచి నేరుగా తీసుకున్నదీ ఉంది. నాలుగో ఆల్బమ్ పనులు జరుగుతున్నప్పుడు ‘ఫోర్ స్టిక్స్’ అనే పాట ఎంతకీ కుదరక బోనమ్‌కి చిరాకు పుట్టింది. ఉన్నట్టుండి అది ఆపేసి లిటిల్ రిచర్డ్ 1957 పాట ‘కీప్ ఎ నాకిన్’ మొదట్లో వచ్చే డ్రమ్స్ వాయించాడు. అసలు పాటలో అది వాయించింది చార్ల్స్ కానర్. పేజ్ వెంటనే దాని మీద ఒక రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరస) అందుకున్నాడు. కొద్ది నిమిషాల్లో కొత్త పాట పుట్టింది, దాని పేరే ‘రాక్ అండ్ రోల్’. మీరు బ్యాండ్‌లో ఈ పాట ఎత్తుకుంటే ఒక జాగ్రత్త. మొదటి దెబ్బ ఒకటో బీట్ మీద పడుతుందనుకుంటే గిటార్ వచ్చేసరికి అంతా తారుమారవుతుంది. అది మూడో బీట్ దాటాక వచ్చే అర బీట్ మీద మొదలవుతుంది. అలా లెక్కపెట్టి చూడండి, చిక్కుముడి విడిపోతుంది.

కార్మైన్ అపీస్ కథ నాకు చాలా ఇష్టం. 1969 జనవరిలో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట ‘గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్’. అందులో బాస్ డ్రమ్ మీద వేగంగా జంట దెబ్బలు వస్తూ ఉంటాయి. బీట్‌ని చిన్న చిన్న ట్రిప్లెట్లుగా (మూడేసి సమాన దెబ్బలుగా) చేసి, మొదటి దెబ్బ చేతికి వదిలి, మిగతా రెండూ కాలితో కొడతాడు. విన్నవాళ్లంతా రెండు బాస్ డ్రమ్‌లున్నాయనుకున్నారు. ఉన్నది ఒక్కటే డ్రమ్, ఒక్కటే పెడల్, ఒక్క కుడికాలు. 1968 డిసెంబర్‌లో లెడ్ జెప్పెలిన్ మొదటిసారి అమెరికా వెళ్లినప్పుడు వెనిల్లా ఫడ్జ్ అనే బ్యాండ్‌కి ముందు వాయించింది. ఆ బ్యాండ్ డ్రమ్మర్ అపీస్. ఈ కాలి పని ఎక్కడ పట్టావని అడిగితే, నీ దగ్గరే అని బోనమ్ చెప్పాడట. నేనెప్పుడూ అలా వాయించలేదే అని అపీస్ ఆశ్చర్యపోతే, వాళ్ల మొదటి ఆల్బమ్‌లో ఎక్కడుందో బోనమ్ చూపించాడట. అపీస్ తానే ఈ సంగతి పలు సార్లు చెప్పాడు. అపీస్ ఎప్పుడో ఒకచోట అలవోకగా వేసి మరిచిపోయిన దాన్ని ఈ కుర్రాడు పట్టుకుని, కాలికి అలవాటు చేసి, ఒక పాటకి వెన్నెముకగా నిలబెట్టాడు. ప్రభావం అంటే నా దృష్టిలో ఇది. బోనమ్‌కి లడ్విగ్ కంపెనీ డ్రమ్స్ ఇప్పించింది కూడా అపీసే.

సోల్, ఫంక్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది వదిలేసేది ఇదే. 1973 ఆల్బమ్ ‘హౌజెస్ ఆఫ్ ద హోలీ’లో ‘ద క్రంజ్’ అనే పాట ఉంది. జేమ్స్ బ్రౌన్ బ్యాండ్ మీద ప్రేమతో చేసినది. దాన్ని మొదలుపెట్టిందే బోనమ్ డ్రమ్స్. కాకపోతే జేమ్స్ బ్రౌన్ పాటకి డాన్స్ చేయవచ్చు, దీని లెక్కలో అడుగు తడబడుతుంది. సరదా ప్రయోగం, అంతకన్నా ఎక్కువ చెప్పను.

అసలు విషయం 1979 ఆల్బమ్‌లోని ‘ఫూల్ ఇన్ ద రెయిన్’లో ఉంది. ఇది బెర్నార్డ్ పర్డీ షఫుల్ (ఊగే లయ) మీద కట్టిన గ్రూవ్, అంటే తిరిగి తిరిగి వచ్చే డ్రమ్స్ నడక. పర్డీ న్యూయార్క్ స్టూడియోల్లో వాయించిన మహా డ్రమ్మర్. స్టీలీ డ్యాన్ బ్యాండ్ 1977 పాట ‘హోమ్ ఎట్ లాస్ట్’లో ఈ షఫుల్ స్వచ్ఛంగా వినిపిస్తుంది. ఎలా వాయించాలో చెబుతాను. ఒక్కో బీట్‌ని మూడు ముక్కలు చేయండి. తకిట తకిట అని నోటితో అనుకుంటూ ఉంటే చాలు. కుడిచెయ్యి హై-హ్యాట్‌ని ‘త’ మీద, ‘ట’ మీద కొడుతుంది. మధ్యలో ‘కి’ మీద ఎడమచెయ్యి స్నేర్‌ని వినీ వినబడనట్టు తాకుతుంది. దీన్నే గోస్ట్ నోట్ అంటాం. గట్టి దెబ్బ నాలుగు బీట్లకి ఒక్కటే, మూడో బీట్ మీద. అందుకే పాట నెమ్మదిగా నడుస్తున్నట్టు ఉంటుంది, లోపల మాత్రం ఏదో పరుగెడుతూ ఉంటుంది.

కష్టం ఎక్కడుందంటే, మూడో బీట్ మీద ఎడమచెయ్యి గట్టిగా కొట్టిన మరుక్షణమే అదే చెయ్యి ‘కి’ మీద గోస్ట్ నోట్ వేయాలి. గట్టి దెబ్బకి పుల్ల చెవి దాకా లేస్తుంది. గోస్ట్ నోట్‌కి తోలు మీద ఒక అంగుళం ఎత్తు దాటకూడదు. దెబ్బ కొట్టాక పుల్ల దానంతటదే ఎగిరి పైకి వస్తుంది కదా, దాన్ని రానివ్వకుండా తోలు దగ్గరే పట్టి ఉంచాలి. మణికట్టు బిగిస్తే అది ఆగుతుంది కానీ తర్వాతి నోట్ చచ్చిపోతుంది. వేళ్లతో మెత్తగా ఆపాలి. నా దగ్గర ఈ గ్రూవ్ మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ఇక్కడే ఇరుక్కుంటారు. ఇంగ్లండ్‌లో అందరికంటే పెద్దగా వాయిస్తాడని పేరున్న మనిషి అంగుళం ఎత్తులో ఏం చేస్తున్నాడో విన్నాక, బోనమ్ గురించి మీ అభిప్రాయం మారుతుంది. ఆయన గట్టి దెబ్బ అంత గట్టిగా వినిపించేది దాని పక్కన ఉన్న మెత్తని దెబ్బల వల్లే. అన్నీ గట్టిగా కొట్టేవాడి చేతిలో ఏదీ గట్టిగా వినిపించదు. తర్వాత టోటో బ్యాండ్ డ్రమ్మర్ జెఫ్ పోర్కారో 1982లో ‘రోజానా’ పాటకి పర్డీ షఫుల్‌నీ, బోనమ్ షఫుల్‌నీ కలిపి వాడుకున్నాడు. మూడూ ఒకే రోజు వరసగా వినండి. ఒకటే గ్రూవ్ ముగ్గురి చేతుల్లో ఎంత వేరుగా ఉందో తెలుస్తుంది.

‘వెన్ ద లెవీ బ్రేక్స్’ గురించి చెప్పకుండా ఈ జవాబు పూర్తి కాదు. 1971 నవంబర్‌లో వచ్చిన నాలుగో ఆల్బమ్‌లో చివరి పాట. హ్యాంప్‌షైర్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో రికార్డు చేశారు. కిట్‌ని మెట్ల కింద, పైకప్పు చాలా ఎత్తున ఉన్న హాల్లో పెట్టారు. ఇంజినీర్ ఆండీ జాన్స్ రెండే రెండు మైకులు మెట్ల పైనుంచి కిందికి వేలాడదీశాడు. ఆ శబ్దాన్ని కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించే యంత్రం) గుండా, బిన్సన్ కంపెనీ ఎకో యంత్రం గుండా పంపించారు. ఈ కథ అందరూ చెబుతారు, హాలు గొప్పదనం, మైకుల గొప్పదనం, ఎకో గొప్పదనం అని. నేను వేరే సంగతి చెబుతాను. ఒక్కో డ్రమ్‌కి ఒక్కో మైక్ ఉంటే తర్వాత ఇంజినీర్ స్నేర్ పెంచవచ్చు, సింబల్ తగ్గించవచ్చు. దూరంగా రెండు మైకులే ఉన్నప్పుడు ఆ అవకాశం లేదు. ఏది ఎంత వినపడాలో వాయించేవాడే చేతులతో, కాళ్లతో తూచి వాయించాలి. ఒక సింబల్ కాస్త ఎక్కువ కొట్టినా హాలంతా అదే నిండిపోతుంది. పాత జాజ్ డ్రమ్మర్లు ఎప్పుడూ ఇలాగే రికార్డయ్యారు, గది మధ్యలో ఒకటి రెండు మైకుల ముందు. క్రూపాని, రోచ్‌ని విని పెరిగిన బోనమ్‌కి ఆ తూకం చిన్నప్పుడే అబ్బింది. అందుకే ఆ మెట్ల హాలు పనిచేసింది. అదే చోట అవే మైకులు పెట్టి వేరే రాక్ డ్రమ్మర్‌ని కూర్చోబెడితే గోల తప్ప ఇంకేమీ వచ్చేది కాదని నా నమ్మకం. ఆ మొదటి రెండు బార్లను తర్వాత ఎంతోమంది హిప్-హాప్ కళాకారులు శాంపిల్ చేసి, అంటే ఆ ముక్క కత్తిరించి తమ పాటల్లో వాడుకున్నారు. 1986లో బీస్టీ బాయ్స్ తమ మొదటి ఆల్బమ్‌ని దానితోనే మొదలుపెట్టారు.

అలాగే ‘కశ్మీర్’. 1975 నాటి ‘ఫిజికల్ గ్రాఫిటీ’ ఆల్బమ్‌లోది. గిటార్ రిఫ్ మూడు లెక్కన తిరుగుతుంది, డ్రమ్స్ నాలుగు లెక్కన నడుస్తాయి. పన్నెండు బీట్లకి ఒకసారి రెండూ కలుసుకుంటాయి. తాళం తెలిసిన మనవాళ్లకి ఇది వెంటనే పట్టుబడుతుంది. ఇంత లెక్క జరుగుతుంటే డ్రమ్మర్‌కి ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది, ఫిల్స్ (మధ్యలో వేసే చిన్న అలంకారాలు) వేయాలనిపిస్తుంది. బోనమ్ ఏమీ చేయడు. ఏనుగు నడిచినట్టు ఒకే నడక. ఆయన అలా నిలబడి ఉండబట్టే రిఫ్ తిరుగుతున్నట్టు మనకి తెలుస్తుంది. జాజ్ విని పెరిగిన చెవి ఎప్పుడు ఊరుకోవాలో కూడా నేర్చుకుంటుంది.

మనిషిగా ఆయన జీవితం అంత హాయిగా గడవలేదు. ఇల్లు, పొలం, భార్యాపిల్లలు ఆయనకి ప్రాణం. వూస్టర్‌షైర్‌లో ఫార్మ్ కొనుక్కున్నాడు. 1975లో కూతురు జోయీ పుట్టింది. టూర్ అంటే నెలల తరబడి ఇంటికి దూరం. స్టేజీ ఎక్కే ముందు టెన్షన్, విమానమంటే భయం, వాటికి మందు తోడయింది. తాగితే ఆయన వేరే మనిషి అయిపోయేవాడని దగ్గరివాళ్లే చెప్పారు. 1977లో అమెరికాలోని ఓక్లాండ్ కచేరీలో స్టేజీ వెనక జరిగిన కొట్లాటలో ఆయన మీద కేసు కూడా నడిచింది. ఆయన్ని ఆరాధించేవాళ్లు ఈ భాగాన్ని వీరగాథలా చెప్పుకోవడం నాకు నచ్చదు. అది జబ్బు, దాన్ని జబ్బుగానే చూడాలి. 1980 జూన్ 27న జర్మనీలోని నూరెంబర్గ్‌లో మూడో పాట దగ్గర స్టేజీ మీదే కూలబడిపోయాడు. జూలై 7న బెర్లిన్‌లో చివరి కచేరీ. సెప్టెంబర్ 24న అమెరికా టూర్ కోసం రిహార్సల్స్ మొదలయ్యాయి. పొద్దున్నుంచే తాగుతూ ఉన్నాడు. ఆ రాత్రి విండ్సర్ దగ్గర పేజ్ ఇంట్లో పడుకున్నాడు, మర్నాడు లేవలేదు. ఇరవై నాలుగు గంటల్లో దాదాపు 40 పెగ్గుల వోడ్కా తాగాడని, నిద్రలో వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి చనిపోయాడని విచారణలో తేలింది. ప్రమాదవశాత్తూ జరిగిన మరణమని తీర్పు ఇచ్చారు. వయసు 32. వేరే డ్రమ్మర్‌ని పెట్టుకుని బ్యాండ్ నడపవచ్చు, చాలా బ్యాండ్లు అలా చేశాయి. మిగతా ముగ్గురూ 1980 డిసెంబర్ 4న ఒక ప్రకటన ఇచ్చి బ్యాండ్ ముగించేశారు. 2007 డిసెంబర్ 10న లండన్‌లో ఒకే ఒక్క పూర్తి కచేరీ కోసం మళ్లీ కలిసినప్పుడు ఆ కిట్ వెనక కూర్చున్నది కొడుకు జేసన్.

ఇక మీ మూడో ప్రశ్న. రాక్ ఒక్కటే సాధన చేస్తే బోనమ్‌లా వాయించడం కుదరదనే చెబుతాను. ఆయన ఒక్కడే కాదు, ఆ తరం ఇంగ్లిష్ డ్రమ్మర్లు చాలామంది అంతే. రోలింగ్ స్టోన్స్ చార్లీ వాట్స్, క్రీమ్ జింజర్ బేకర్, హెండ్రిక్స్‌తో వాయించిన మిచ్ మిచెల్, ముగ్గురికీ మూలం జాజే. అలాగని మీరు జాజ్ డ్రమ్మర్ అయిపోనక్కర్లేదు. బోనమ్ కూడా అవలేదు. రైడ్ సింబల్ (తాళం నడిపే పెద్ద సింబల్) మీద స్వింగ్ నడక రోజూ కాసేపు వాయించండి, బాస్ డ్రమ్‌ని ఈక తాకినంత మెత్తగా కొడుతూ. అది మీ కాలికి సాయం చేస్తుంది. ‘సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ’ పాటలో బోనమ్ పెడల్ కిర్రుమనడం కూడా రికార్డయింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ కిర్రునే పట్టుకుని వెళ్లండి. ఆయన కాలు ఎంత తరచుగా కదులుతోందో, ఎక్కడెక్కడ ఊరుకుంటోందో దొరికిపోతుంది. పుస్తకాల్లో కన్నా అందులో ఎక్కువ నేర్చుకోవచ్చు.

ట్రిప్లెట్లకి తొందరపడకండి. ముందు మెట్రోనోమ్ (తాళం టిక్కుటిక్కుమని చెప్పే సాధనం) నిమిషానికి 60 బీట్ల దగ్గర పెట్టి, పైన చెప్పిన తకిట షఫుల్‌ని హై-హ్యాట్, గోస్ట్ నోట్లతో మాత్రమే వాయించండి. గట్టి దెబ్బ అసలు వద్దు. పక్క గదిలో ఉన్నవాళ్లకి వినపడనంత మెత్తగా అది సాఫీగా నడిచాక మూడో బీట్ మీద దెబ్బ చేర్చండి. మీ స్నేర్ పక్కన ఫోన్ పెట్టకండి, గది అవతలి మూల పెట్టి రికార్డు చేసుకోండి. గోస్ట్ నోట్లు అక్కడికి చేరుతున్నాయా, సింబల్ అన్నింటినీ మింగేస్తోందా అన్నది వినండి. ఆ రికార్డింగ్ ఇక్కడ పెడితే ఎడమచెయ్యి ఎక్కడ బిగుసుకుంటోందో నేను చెప్పగలను.